ట్యాంకు నుంచి బిందె దాకా: పల్లె మంచినీళ్లపై అపోహలు, వాస్తవాలు

ఊళ్లో నలుగురికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయంటే అందరూ ముందు ఓవర్‌హెడ్ ట్యాంకు వైపే చూస్తారు. ఇరవై ఏళ్లుగా గ్రామ నీటి కమిటీలతో తిరుగుతున్న నేను మాత్రం వీధిలోకి నడుస్తాను, బిందె దించడానికి ఇళ్ల ముందు తవ్విన కుళాయి గుంటలు వెతుక్కుంటూ. ఈ మధ్య వెళ్లిన ఊళ్లో ఒకే వరుసలో మూడు ఇళ్ల ముందు అవి కనిపించాయి. జబ్బుపడ్డవాళ్లలో ఎక్కువమంది ఆ వరుసవాళ్లే.

అపోహ: ట్యాంకులో బ్లీచింగ్ కలిపారు, ఇక నీళ్లకు ఢోకా లేదు.

వాస్తవం: ఎంత కలిపారు, ఎప్పుడు కలిపారు, ఏనాటి సంచిలోది కలిపారు? మంచి సరుకైతే బ్లీచింగ్ పొడిలో పనిచేసే క్లోరిన్ పావు వంతుకు తగ్గదు. ఆ లెక్కన 40 వేల లీటర్ల ట్యాంకులో లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ పడాలంటే 160 గ్రాముల పొడి కావాలి. సంచి మూతి విప్పి నెలల తరబడి పంపు గదిలో పడేస్తే బలమంతా గాలికి పోతుంది. అప్పుడు 160 గ్రాములు వేసినా సున్నం చల్లినట్టే. పొడిని బకెట్లో కలిపి, పైన తేరిన నీటిని మాత్రమే ట్యాంకులో పోసి, కనీసం అరగంట ఆగి వాల్వు తిప్పాలి. చాలాచోట్ల జరిగేది గుప్పెడు లెక్క. అందుకు పంపు ఆపరేటరును తిట్టడానికి నాకు మనసొప్పదు. వాసన వచ్చిన రోజు ఊరంతా అతని మీద విరుచుకుపడుతుంది, రాని రోజు ఎవరూ అడగరు. చెయ్యి ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

పరీక్ష కూడా ట్యాంకు దగ్గర చేసి వచ్చేస్తారు. చూడవలసింది చివరి ఇంటి కుళాయి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. నీటిలో క్లోరిన్‌ను కొలిచే క్లోరోస్కోపు గొట్టంలో మందు చుక్కలు వేస్తే నీరు పసుపు రంగుకు తిరగాలి. తిరగలేదంటే దారిలో ఏదో క్లోరిన్‌ను మింగేసిందని అర్థం, లేదా అసలు కలపనే లేదు.

ఆ మింగేవాటిలో మొదటిది కుళాయి గుంట. నీరు సన్నగా వస్తోందని ఇంటి ముందు రెండడుగులు తవ్వి, పైపును అక్కడే కోసి, బిందె గుంటలోకి దించి పట్టుకుంటారు. వాల్వు కట్టేశాక ఖాళీ అవుతున్న పైపు, గుంటలో నిలిచిన మురికిని లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు ఆ మురికి పక్కింటి బిందెలోకీ చేరుతుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించినా ఇదే తంతు. మోటారు లాగే ఊపుకు పల్లంలోని ప్రతి వదులు జాయింటూ చుట్టూ ఉన్న మురుగును పీలుస్తుంది.

అపోహ: కాచి చల్లార్చితే ఏ నీళ్లయినా తాగవచ్చు.

వాస్తవం: సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ మొదట వైద్యుల దృష్టికి వచ్చింది 1937లో, నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలోనే. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వనరు లేకపోతే గరిష్ఠంగా 1.5. రుచి, రంగు, వాసన ఏవీ దీన్ని పట్టివ్వవు.

అపోహ: అయితే అందరికీ ఆర్‌వో క్యానే శరణ్యం.

వాస్తవం: ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో అవసరమే. లేని ఊళ్లో బోరు నుంచి తోడిన నీటిలో చాలా భాగాన్ని మురుక్కాల్వలోకి వదలడమే. పైగా ఆర్‌వో నీటిలో క్లోరిన్ ఉండదు. కడగని క్యాన్‌లో పోసినా, చెయ్యి ముంచినా కాపాడేది ఏదీ లేదు.

అపోహ: సర్కారు వేసిన పథకానికి నెలనెలా డబ్బులేమిటి?

వాస్తవం: ఇంటింటికీ కుళాయి నీరిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ 2019లో మొదలైంది. ఊళ్లో వేసే పనుల ఖర్చులో గ్రామస్థుల వాటా 10 శాతమనీ, కొండ ప్రాంతాల్లోనూ ఎస్సీ, ఎస్టీలు సగానికి మించిన ఊళ్లలోనూ 5 శాతమనీ దాని మార్గదర్శకాలు చెప్పాయి. అది నిర్మాణానికి. కట్టాక కాలిపోయే మోటారు, పగిలే పైపు, ఆపరేటరు జీతం ఊరివే. 400 ఇళ్లు నెలకు 50 రూపాయలిస్తే 20 వేలు. జనం ఇవ్వరని చాలాకాలం నేనూ నమ్మాను. వసూలైన డబ్బు ఎటు పోయిందో పంచాయతీ గోడ మీద రాయించిన ఊళ్లలో ఇచ్చారు, రాయనిచోట ఎగ్గొట్టారు.

శ్రీకాకుళం దాటితే వచ్చే ఒడిశాలోని గంజాం జిల్లాలో గ్రామ్ వికాస్ సంస్థది ఇంకా గట్టి షరతు. ఊళ్లో ఒక్క కుటుంబం మినహాయింపు లేకుండా అందరూ చేరితేనే మరుగుదొడ్లు, కుళాయిల పని మొదలు. సగటున కుటుంబానికి 1000 రూపాయల చొప్పున మూలనిధి. దాని వడ్డీతో తర్వాత వేరుపడే కుటుంబాలకు కూడా మరుగుదొడ్డి, కుళాయి. పదిళ్లవాళ్లు ఆరుబయటకు వెళ్తే మిగతా తొంభై ఇళ్ల మరుగుదొడ్లూ దండగే కాబట్టి, ఆ పంతం నాకు సబబుగానే తోస్తుంది.

అపోహ: కమిటీలో సగం మంది మహిళలున్నారు, ఇంకేం కావాలి?

వాస్తవం: ఉన్నారు, సంతకాల పుస్తకంలో. సమావేశానికి వచ్చింది ఎవరో అడగండి.

అపోహ: మరుగుదొడ్డి గుంత ఎంత లోతైతే అంత మంచిది.

వాస్తవం: లోతుకు పోయినకొద్దీ భూగర్భజలానికి దగ్గరవుతుంది. మీటరు కాస్త అటూ ఇటూ లోతున్న రెండు గుంతలు మేలు. ఒకటి నిండాక దాన్ని మూసి, మలుపు తొట్టిలో రెండో దానికి దారి తిప్పాలి. మూసినదాన్ని ఏడాదిన్నర నుంచి రెండేళ్లు కదపకపోతే పొడిపొడిగా, వాసన లేని ఎరువవుతుంది. డబ్బున్నవాళ్లు సెప్టిక్ ట్యాంకు కట్టి నిశ్చింతగా ఉంటారు గానీ, దాని నుంచి వచ్చే నీరు ఇంకుడు గుంతలోకి వెళ్లాలని తాపీమేస్త్రీ చెప్పడు, వీళ్లు అడగరు. పైపు నేరుగా వీధి కాల్వలోకి.

మొదట చెప్పిన ఊళ్లోనూ అంతే. ఆ మూడు గుంటలకు ఎగువన రెండంతస్తుల ఇల్లు, కాల్వలోకి దాని సెప్టిక్ ట్యాంకు పైపు, ఆ కాల్వ అడుగునే మంచినీళ్ల లైను. గుంటలు పూడ్చి కుళాయిలు నేల మీదికి ఎత్తడానికి ముగ్గురూ ఒప్పుకున్నారు. ధార సన్నబడిందని గొడవ వస్తే, కమిటీలోని ఒకావిడ వాల్వు వేళలు మార్చి ఆ వీధికి విడిగా అరగంట ఇప్పించింది. ఎగువ ఇంటాయన ఇంకుడు గుంత తవ్విస్తానని మాటిచ్చి ఇప్పటికి నాలుగు నెలలు.