32 దాకా లెక్కపెట్టండి

ప్రియమైన పిల్లలూ,

మొన్న మనం చూసిన బ్యాలే వీడియో సగంలో ఉండగానే మీలో ఒకరు లేచిపోయారు. పోతూపోతూ, "పాట లేదు, కథ లేదు, ఎవరి దారిన వాళ్లు గెంతుతున్నారు, ఇదేం డ్యాన్స్ తాతయ్యా?" అన్నారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, ఇలాంటిది మొదటిసారి చూసినప్పుడు నేను కునుకు తీశాను. కాబట్టి కోపమేం లేదు. జవాబు మాత్రం బాకీ ఉంది, ఇప్పుడు తీరుస్తున్నాను. ఇలాంటి నాట్యాల్లో అసలు సంగతంతా లెక్కలో ఉంది.

ముందొక పని చేయండి. టేబుల్ మీద వేలితో ఒకే వేగంతో కొడుతూ 1 నుంచి 32 దాకా లెక్కపెట్టండి. 10, 12, 18, 21, 25, 30 వచ్చినప్పుడు మాత్రం అరచేత్తో గట్టిగా చరచండి. వేగం మారకూడదు.

చేశారా? 12 దాకా బాగానే సాగుతుంది. ఆ తర్వాత చెయ్యి గాల్లో ఆగిపోతుంది. ఇది రష్యన్ సంగీతకర్త ఇగోర్ స్ట్రావిన్‌స్కీ 'ది రైట్ ఆఫ్ స్ప్రింగ్' అనే బ్యాలేకి రాసిన సంగీతంలోది. తెర లేవగానే వచ్చే మొదటి నాట్యం ఇలాగే మొదలవుతుంది. తీగ వాయిద్యాలు ఒకే స్వరాల గుత్తిని మార్చకుండా దంచుతూ ఉంటాయి. నేను చెప్పిన అంకెల దగ్గర ఊదే వాయిద్యాలైన ఎనిమిది హార్న్‌లు వచ్చి మీద పడతాయి. దంచుడు సమానంగానే ఉంటుంది, పోటు ఎప్పుడు పడుతుందో మాత్రం ఒంటికి అందదు. మీకు టేబుల్ మీద చెయ్యి ఒక్కటే తడబడింది. డ్యాన్సర్లు దీనికి ఒళ్లంతా ఎత్తి వేయాలి, అదీ గుంపుగా.

అంతకుముందు ఇలా ఉండేది కాదు. 1890లో వచ్చిన 'స్లీపింగ్ బ్యూటీ'కి నాట్యం కూర్చిన మారియస్ పెటిపా, ఎక్కడ ఎంత సేపు ఎలాంటి సంగీతం కావాలో ముందే సంగీతకర్త చైకోవ్‌స్కీకి రాసిచ్చాడు. కొలతలిచ్చి చొక్కా కుట్టించుకున్నట్టన్నమాట. అడుగు ఎక్కడ పడాలో పాటే చెప్పేది. చైకోవ్‌స్కీ అంతటివాడు ఆ కొలతల్లోనే అంత గొప్పగా రాశాడు, అది వేరే సంగతి.

స్ట్రావిన్‌స్కీ కూడా బ్యాలే కోసమే రాశాడు కానీ ఎవరి కాళ్లకూ సుఖం చూడలేదు. 1913 మే 29న పారిస్‌లో డియాగిలెవ్ నడిపిన నాట్య కంపెనీ 'బాలే రూస్' దీన్ని మొదటిసారి ఆడింది. నాట్యం కూర్చింది నిజిన్‌స్కీ. డ్యాన్సర్లకు లెక్క పట్టుబడక, లయ నేర్పడానికి మేరీ రాంబర్ట్ అనే అమ్మాయిని ప్రత్యేకంగా పెట్టుకున్నారు. కంపెనీలో ఆమెకు 'రిథ్మిచ్‌కా' అని, అంటే 'లయ అమ్మాయి' అన్నట్టు, పేరు పెట్టారట! ఆ రాత్రి జనం చేసిన అల్లరికి స్టేజీ మీదికి సంగీతమే సరిగా వినబడలేదు. నిజిన్‌స్కీ తెర పక్కన కుర్చీ ఎక్కి రష్యన్‌లో అంకెలు అరిచాడు. రష్యన్‌లో పది దాటిన అంకెల పేర్లు చాంతాడంత ఉంటాయి. మన 'పద్దెనిమిది' సంగతీ అంతే, అది నోట్లోంచి పూర్తిగా వచ్చేలోపు పోటు దాటిపోతుంది. మాంటో అనే కండక్టర్ మాత్రం ఏం జరిగినా ఆపకుండా చివరిదాకా నడిపించాడు. ఆ నాట్యం పట్టుమని పదిసార్లు కూడా ఆడకుండానే అటకెక్కింది. మళ్లీ దాన్ని వెతికి కూర్చి 1987లో అమెరికాలో జాఫ్రీ బ్యాలే అనే కంపెనీ ఆడింది. ఇంతలో అదే సంగీతానికి ఇంకెందరో తమ నాట్యాలు కూర్చారు. 1975లో పినా బౌష్ స్టేజీ నిండా మట్టి పరిచి, అందులో డ్యాన్సర్లను పరుగెత్తించింది.

ఇలాంటివి తలపెట్టిన కంపెనీకి ఇంకో కష్టం ఉంది, బయటివాళ్లకు కనబడదు. వారాల తరబడి రిహార్సల్ అంతా ఒక్క పియానోతోనే జరుగుతుంది. డ్యాన్సర్ ఏదో ఒక చిన్న స్వరాన్ని గుర్తుగా పట్టుకుని, "ఇది వినబడగానే నేను కదలాలి" అనుకుంటుంది. చివరి రోజుల్లో ఆర్కెస్ట్రా వస్తుంది. ఆ స్వరం ఎక్కడో మూలనున్న వాయిద్యంలో పడి, డప్పుల మోతలో మునిగిపోతుంది. ఇక టెన్షన్ చూడాలి! అందుకే పాటను నమ్ముకోకుండా అంకెలు నమ్ముకుంటారు. వాళ్ల అంకెలు వాయించేవాళ్ల అంకెలతో కలవాలనేమీ లేదు. ఒకే గదిలో ఒకరు ఆరు ఆరుగా, పక్కవాళ్లు నాలుగు నాలుగుగా లెక్కపెట్టుకుంటూ ఉండొచ్చు. మీరు 'ఎవరి దారిన వాళ్లు' అన్నది ఒకరకంగా నిజమే. కాకపోతే ఆ దారులన్నీ ఎక్కడ కలవాలో ముందే రాసిపెట్టి ఉంటుంది.

1957లో న్యూయార్క్ సిటీ బ్యాలే కంపెనీ 'అగాన్' అనే బ్యాలే ఆడింది. సంగీతం స్ట్రావిన్‌స్కీ, నాట్యం బాలంచీన్. పన్నెండు మంది డ్యాన్సర్లు, రిహార్సల్‌లో వేసుకునే నలుపు తెలుపు బట్టలు, కథ లేదు, సెట్టింగ్ లేదు. కంటికి అడ్డం వచ్చేవన్నీ తీసేసి లెక్కను చూపించాడు బాలంచీన్. నాకు అన్నిటికన్నా ఇదే ఇష్టం.

ఫిలిప్ గ్లాస్ సంగీతంతో కష్టం దీనికి పూర్తిగా తలకిందులు. పోటు ఎక్కడ పడుతుందో తెలుసు, కానీ అదే ముక్క మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది, ఎన్నోసారో మర్చిపోతే అంతే సంగతులు. 1983లో జెరోమ్ రాబిన్స్ కూర్చిన 'గ్లాస్ పీసెస్' మొదట్లో వెనక తెర మీద లెక్కల పుస్తకంలో ఉండే గళ్లు, వాటి ముందు వీధిలో జనంలా నడిచిపోయే డ్యాన్సర్లు. ఉత్త నడకే! మీరు వదిలేసిన వీడియో ఇదే. ఈసారి అందరినీ చూడకండి. ఒక్క మనిషిని పట్టుకుని, ఎటు తిరిగిందో, ఎన్నో అడుగుకు తిరిగిందో చూడండి.

అన్నట్టు, ఆ 32 ఆటలో ఎక్కడిదాకా వచ్చారో రాయండి. నేను ఉదయం నుంచి కొడుతున్నాను, 21 దగ్గర తప్పుతున్నాను. మీ నానమ్మ వచ్చి టేబుల్ తీసుకెళ్లిపోయింది.

మీ
తాతయ్య