పోయిన తుపాకీ హక్కు తిరిగి ఎవరి చేతి మీదుగా? అమెరికాలో ఒక సెక్షన్ కథ

ఏడాదికి మించి జైలుశిక్ష పడదగిన నేరంలో దోషిగా తేలిన వ్యక్తి జీవితాంతం తుపాకీని గానీ, తూటాను గానీ దగ్గర ఉంచుకోరాదని అమెరికా సమాఖ్య చట్టం చెబుతుంది. పడిన శిక్ష ఎంత అన్నది కాకుండా పడేందుకు వీలున్న శిక్ష ఎంత అన్నదే ఇక్కడ ప్రధాన కొలమానం కాబట్టి, ఒక్కరోజు కూడా జైల్లో గడపనివారు సైతం సాధారణంగా ఈ నిషేధం కిందికి వస్తారు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం హింస, నైతిక పతనంతో కూడిన నేరాల్లో జైలుశిక్ష పడినవారి అనర్హత శిక్ష ముగిసిన ఐదేళ్లకు తీరిపోతుంది. అయితే మనకు తుపాకీ ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు మాత్రమే, అమెరికన్లకు అది రాజ్యాంగం రెండో సవరణ ఇచ్చిన హక్కు. హక్కును శాశ్వతంగా తీసేసుకున్నప్పుడు దాన్ని తిరిగి పొందే దారి ఏదన్న ప్రశ్న అక్కడ అరవై ఏళ్లుగా నలుగుతూనే ఉంది.

1938 నాటి సమాఖ్య తుపాకుల చట్టంలోని నిషేధం హింసాత్మక నేరాలకు పాల్పడినవారిని ఉద్దేశించినది. 1961లో దాన్ని తీవ్ర నేరాలన్నిటికీ విస్తరించడంతో, ఆర్థిక నేరస్థులు కూడా అందులో చేరిపోయారు. ఆ వలలో ఎవరూ ఊహించని చేప పడింది. వించెస్టర్ తుపాకుల తయారీ విభాగం ఉన్న ఒలిన్ మాథీసన్ కెమికల్ కార్పొరేషన్, వియత్నాం, కంబోడియాలకు మందుల ఎగుమతిలో జరిగిన ముడుపుల వ్యవహారంలో దోషిగా తేలింది. చట్టం ముందు కంపెనీ కూడా ఒక వ్యక్తే కనుక, దేశంలోని ప్రముఖ ఆయుధ తయారీ సంస్థ తుపాకుల వ్యాపారానికే అనర్హమయ్యే పరిస్థితి వచ్చింది. ఆ చిక్కు విప్పేందుకే 1965లో అక్కడి చట్టసభ కాంగ్రెస్, అనర్హత నుంచి మినహాయింపు కోరే వీలు కల్పించింది. శిక్ష అనుభవించి మారిన మనిషిని దృష్టిలో పెట్టుకుని కాక, ఒక కార్పొరేషన్‌ను గట్టెక్కించడానికి ఈ సెక్షన్ పుట్టిందన్న సంగతిని తర్వాతి చరిత్ర చదివేటప్పుడు మరచిపోకూడదు.

మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీల హత్యలు జరిగిన 1968లో వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం నిషేధాన్ని కట్టుదిట్టం చేస్తూనే మినహాయింపును కొనసాగించింది. 1986లో తుపాకీ యజమానుల రక్షణ చట్టం ఈ అవకాశాన్ని మరింత విస్తరించి, దరఖాస్తును తిరస్కరిస్తే కోర్టుకు వెళ్లే హక్కును కూడా చేర్చింది. దరఖాస్తుదారు నడవడికను విచారించి, అతని వల్ల ప్రజల భద్రతకు ముప్పు ఉంటుందో లేదో తేల్చే పని మద్యం, పొగాకు, తుపాకుల నియంత్రణ సంస్థ ఏటీఎఫ్‌ది.

హింసాత్మక నేరాలు చేసినవారికి కూడా ప్రజాధనంతో తుపాకులు తిరిగి ఇప్పిస్తున్నారంటూ తుపాకుల నియంత్రణ కోరే వయొలెన్స్ పాలసీ సెంటర్ అనే సంస్థ ఆధారాలతో బయటపెట్టాక, 1992లో కాంగ్రెస్ ఈ పనికి డబ్బు ఆపేసింది. సెక్షన్‌ను రద్దు చేయలేదు. దరఖాస్తుల పరిశీలనకు ఏటీఎఫ్ నిధులు ఖర్చు చేయరాదని బడ్జెట్ చట్టంలో ఒక వాక్యం చేర్చి, ఏటేటా దాన్ని కొనసాగించింది. కంపెనీల దరఖాస్తులకు మాత్రం మరుసటి ఏడాదే ఆ అడ్డంకి తొలగింది. మనుషులకు మూసిన తలుపును కంపెనీలకు తెరిచి ఉంచడం ఏ న్యాయసూత్రానికీ నిలవదు. ప్రజల భద్రతే కారణమైతే సెక్షన్‌ను బహిరంగంగా చర్చించి సవరించవలసింది.

కోర్టుల్లోనూ ఊరట దొరకలేదు. కారులో తూటాలతో సరిహద్దు దాటి మెక్సికోలో శిక్షపడిన టెక్సాస్ తుపాకుల వ్యాపారి బీన్ కేసులో, దరఖాస్తును పరిశీలించకపోవడం తిరస్కరణ కిందికి రాదు కనుక కోర్టు జోక్యం చేసుకోలేదని 2002లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. రాష్ట్ర న్యాయస్థానాల్లో శిక్షపడినవారికి ఆయా రాష్ట్రాలు పౌరహక్కులు పునరుద్ధరిస్తే కొంత దారి ఉంది. సమాఖ్య నేరాల్లో శిక్షపడినవారికి అది వర్తించదని 1994లోనే తీర్పు రావడంతో, వారికి అధ్యక్షుడి క్షమాభిక్షే ప్రధాన ఆశగా మిగిలింది.

తుపాకీ ధారణ వ్యక్తిగత హక్కని 2008లో, ఆంక్షలు దేశ చారిత్రక సంప్రదాయానికి లోబడి ఉండాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పాక వాదన మలుపు తిరిగింది. ఆహార కూపన్ల కోసం 1995లో ఆదాయం తప్పుగా చూపిన పెన్సిల్వేనియా వ్యక్తిపై జీవితకాల నిషేధం చెల్లదని 2024 డిసెంబరులో మూడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పునిచ్చింది. అటువంటివారినీ, సాయుధ దోపిడీ చేసినవారినీ ఒకే గాటన కట్టడం తప్పేనని నా అభిప్రాయం.

2025 మార్చిలో న్యాయశాఖ ఏటీఎఫ్ నుంచి దరఖాస్తుల పరిశీలనాధికారాన్ని ఉపసంహరించుకుని, తన అధిపతి అయిన అటార్నీ జనరల్ వద్దే ఉంచుకుంది. బడ్జెట్ ఆంక్ష ఏటీఎఫ్‌కే కాబట్టి దారి తెరుచుకుంది. ఏప్రిల్‌లో హక్కులు తిరిగి పొందిన పది మందిలో, 2011 నాటి గృహహింస కేసులో దోషిగా తేలిన నటుడు మెల్ గిబ్సన్ ఉన్నారు. ఆయన పేరును సిఫారసు చేయడానికి అంగీకరించని మర్నాడే తనను తొలగించారని క్షమాభిక్షల విభాగం అధికారి ఎలిజబెత్ ఓయర్ బహిరంగంగా చెప్పారు. ఇంట్లో దెబ్బలు తిన్న మహిళల భద్రత కోసం 1996లో కాంగ్రెస్ ప్రత్యేకంగా చేర్చిన నిషేధం, ప్రమాణాలు ఖరారు కాకముందే ఇలా సడలడం ఆందోళన కలిగించే విషయం.

జులైలో ప్రచురించిన ముసాయిదా నిబంధనలు హింసాత్మక నేరస్థులను, లైంగిక నేరస్థుల జాబితాలో ఉన్నవారిని సాధారణంగా అనర్హులుగా పరిగణిస్తామన్నాయి. కొత్త పద్ధతిలో అటార్నీ జనరల్ ఎవరి దరఖాస్తునైనా స్పష్టంగా తిరస్కరిస్తే, బీన్‌కు దక్కని ఆ కోర్టు విచారణను కోరే హక్కు ఆ దరఖాస్తుదారుకు 1986 నాటి సవరణ ప్రకారం ఉంటుంది.