పిల్లి ఒళ్ళో పడుకుంటే మనసు కుదుటపడుతుందా? అపోహలు – వాస్తవాలు

ఒకప్పుడు మన వైపు శెనక్కాయ మూటలు కొట్టే ఎలుకల కోసం పిల్లిని పెంచేవాళ్ళు. ఇప్పుడు పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాల్లో ఉండి, కర్నూలు, అనంతపురం, కడప ఇళ్ళల్లో పెద్దవాళ్ళిద్దరే మిగిలిన చోట తోడు కోసం తెస్తున్నారు. పశువైద్యులుగా మేము దీన్ని ప్రోత్సహిస్తాం. అయితే పిల్లి నెమ్మదిగా ఉన్నప్పుడే మనిషికి నెమ్మది. భయపడిన పిల్లి, ఎండకు వడలిన పిల్లి, కడుపు చెడిన పిల్లి ఎవరి ఒళ్ళోకీ రావు. ఈ సంగతి తెలియక కొన్ని ఇళ్ళల్లో ముచ్చటపడి తెచ్చిన పిల్లిని కొన్ని నెలలకే గోనెసంచిలో వేసి ఊరి బయట వదిలేస్తున్నారు.

అపోహ: పిల్లిని పెంచుకుంటే బీపీ, గుండె జబ్బు, డిప్రెషన్ అన్నీ దారికొస్తాయి, మాత్రలు మానేయొచ్చు.

వాస్తవం: మాత్రలు మానకూడదు. పిల్లి వల్ల కలిగే మేలు నిజమే, కానీ దానికి హద్దుంది. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో 249 మంది విద్యార్థులతో చేసిన పరిశోధన 2019లో వెలువడింది. పది నిమిషాల పాటు పిల్లుల్నీ కుక్కల్నీ స్వయంగా నిమిరినవాళ్ళ లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను తగ్గింది. దూరం నుంచి చూసినవాళ్ళకూ, ఫొటోలు చూసినవాళ్ళకూ అంత తగ్గలేదు. అంటే చెయ్యి వేసి నిమరడంలోనే విషయం ఉంది. కానీ అక్కడ కొలిచింది ఆ కాసేపటి ఒత్తిడినే, ఏళ్ళ తరబడి ఉన్న జబ్బును కాదు. పిల్లులు పెంచినవాళ్ళలో గుండెపోటు మరణాలు తక్కువగా కనిపించాయని 2009లో మరో అధ్యయనం వచ్చింది. అది పిల్లి వల్లేనని అందులో తేలలేదు. పిల్లిని పెంచేవాళ్ళ స్వభావం, జీవనం వేరుగా ఉండి ఉండొచ్చు. నిద్ర పట్టక, దేని మీదా మనసు నిలవక రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించుకోవాలి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ సేవ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

అపోహ: గురగురమంటే పిల్లి సంతోషంగా ఉన్నట్టే. ఆ శబ్దానికి మన ఎముకలు కూడా అతుక్కుంటాయి.

వాస్తవం: గురగుర సుమారు 25 నుంచి 150 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) మధ్య ఉంటుంది. ఎముకల చికిత్సలో వాడే కంపనాలూ కొన్ని ఇదే శ్రేణిలో ఉండటంతో ఆ ప్రచారం పుట్టింది. పిల్లి గురగురకు మనిషి ఎముక అతికిందని ఎవరూ రుజువు చేయలేదు. పైగా నొప్పితో ఉన్న పిల్లి, ఈనుతున్న పిల్లి, చావుకు దగ్గరపడ్డ పిల్లి కూడా గురగురమంటాయి. మూలన ముడుచుకుని, కళ్ళు సగం మూసి, మేత ముట్టకుండా గురగురమంటుంటే అది సంతోషం కాదు. ఒక రోజంతా తినకపోతే ఆసుపత్రికి తీసుకురండి. మగపిల్లి మాటిమాటికీ మట్టిలో కూర్చుని ముక్కుతూ చుక్క మూత్రం కూడా పోయకపోతే తెల్లారేదాకా కూడా ఆగొద్దు. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

అపోహ: ఎత్తుకుని, గట్టిగా పట్టుకుని నిమురుతూ ఉంటే అదే మచ్చికవుతుంది.

వాస్తవం: మాకు తెలిసిన పిల్లి గాట్లలో ఎక్కువ భాగం ఇక్కడినుంచే వస్తాయి. మనం పిల్లి దగ్గరికి పోకూడదు, అదే రావాలి. పీట మీదో నేల మీదో కూర్చోండి. చూపుడు వేలు కొంచెం వంచి, పిల్లి ముక్కు ఎత్తులో, జానెడు దూరంలో పెట్టి ఆగండి. వాసన చూసి బుగ్గ రుద్దితే సరేనన్నట్టు. మొహం తిప్పుకుంటే వద్దన్నట్టు, అప్పటికి వదిలేయండి. బుగ్గలు, గడ్డం కింద, చెవుల మొదలు నిమరడానికి మంచి చోట్లు. మూడు నాలుగు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. తలతో చేతిని నెడితే మళ్ళీ నిమరండి. పొట్ట, పాదాలు, తోక మొదలు ముట్టుకోవద్దు. వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తే మీ దగ్గర భయం లేదని అర్థం, అంతేకానీ అక్కడ చెయ్యి వేయమని కాదు.

చాలించమని పిల్లి ముందే చెబుతుంది. తోక కొస టపటపా కొడుతుంది, వీపు మీద చర్మం జలదరిస్తుంది, చెవులు పక్కకు వాలుతాయి, గురగుర ఠక్కున ఆగిపోతుంది. ఆ తర్వాత చెయ్యి అక్కడే ఉంటే పంజా పడుతుంది. "ఉన్నట్టుండి కరిచింది" అని చెప్పే ప్రతి ఇంట్లోనూ ఈ నాలుగింట్లో ఏదో ఒకటి ఎవరూ గమనించి ఉండరు.

పిల్లి కళ్ళలోకి గుడ్లప్పగించి చూడటం దానికి బెదిరింపు. కళ్ళు సగం మూసి నెమ్మదిగా రెప్ప వేయండి. అలా చేసిన మనిషి దగ్గరికి పిల్లులు ఎక్కువగా వచ్చాయని ఇంగ్లాండులోని సస్సెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో చూపించారు.

పెద్దవాళ్ళు ఒళ్ళో మందపాటి తువ్వాలు మడిచి వేసుకోవాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళకు, షుగరు ఉన్నవాళ్ళకు చిన్న గీత కూడా ఇబ్బందే. రాత్రి బాత్రూముకు పోయే దారిలో జీరో బల్బు వేసి ఉంచండి. కాళ్ళకు అడ్డం పడిన పిల్లిని తప్పించబోయి మనిషి పడితే తుంటి విరుగుతుంది.

అపోహ: నెమ్మదైన పిల్లి కావాలంటే పర్షియన్ పిల్లే కొనాలి.

వాస్తవం: మన ఎండలకు అది తగదని మా గట్టి అభిప్రాయం. ముక్కు అణిగి, ఒళ్ళంతా ఒత్తు బొచ్చు ఉన్న జాతిని 42, 43 డిగ్రీల మే నెలలో ఏసీ లేని ఇంట్లో ఉంచితే ఊపిరికే తంటాలు పడుతుంది. దాన్ని రోజూ దువ్వాలి కూడా, చేతులు వణికే పెద్దవాళ్ళకు అది సాధ్యం కాదు. నెమ్మది జాతితో పాటు పెంపకంతోనూ వస్తుంది. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం లోపల మనుషుల చేతుల్లో పెరిగిన నాటు పిల్లి జీవితాంతం మనిషిని నమ్ముతుంది. ఎనిమిది వారాలైనా నిండకుండా తల్లి నుంచి విడదీయకండి. అరవై దాటినవాళ్ళ ఇంటికి ఎగిరి దూకే కూన కంటే రెండేళ్ళు నిండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పెద్ద పిల్లి మేలు.

ఏ పిల్లికైనా వేసవిలో చల్లని బండ కావాలి. కడప బండలో బేతంచెర్ల బండలో పరిచిన గదిలో, నీడ పట్టున ఒక మూల దానికి వదిలేయండి. వెడల్పాటి గిన్నెల్లో నీళ్ళు మేతకు దూరంగా రెండు మూడు చోట్ల పెట్టండి. పిల్లి కుక్కలా నోరు తెరిచి రొప్పడం మామూలు విషయం కాదు. మామూలు నీళ్ళలో తడిపిన గుడ్డతో పాదాలు, పొట్ట తుడిచి, ఫ్యాను వేసి, వెంటనే తీసుకురండి. ఐసు నీళ్ళు పోయవద్దు.

అపోహ: పాలు, పెరుగన్నం చాలు.

వాస్తవం: చాలవు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. పిల్లికి టారిన్ అనే పోషకం మాంసం నుంచే రావాలి. అది లేకపోతే చూపు పోతుంది, గుండె కండరం సాగిపోతుంది. టారిన్ లోపమే ఆ గుండె జబ్బుకు కారణమని 1987లో తేలింది. శాకాహారుల ఇళ్ళల్లో కనీసం కొన్న పిల్లి మేత పెట్టాలి, అదీ కుదరదంటే పిల్లిని తేవద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన చారు కలపొద్దు. జ్వరమని మనం వేసుకునే పారాసిటమాల్ ఒక్క ముక్క కూడా వేయొద్దు, అది పిల్లి పాలిట విషం. ఫినాయిల్‌తో తుడిచిన బండ మీద నడిచి పాదాలు నాకినా ప్రమాదమే. అది ఉన్న గదికి సబ్బు నీళ్ళు చాలు.

అపోహ: పిల్లి వెంట్రుకతో ఆయాసం వస్తుంది, గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లి ఉండకూడదు.

వాస్తవం: అలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు, పిల్లి ఉమ్మిలో, చర్మంలో ఉండే ప్రోటీను. ఆస్తమా ఉన్నవాళ్ళు పిల్లిని తెచ్చుకునే ముందు పిల్లి ఉన్న ఇంటికి రెండు మూడు సార్లు వెళ్ళి గంటసేపు కూర్చుని చూసుకోవాలి. గర్భిణికి భయం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వల్ల. పిల్లి మలంలో అది బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి ఇసుక ట్రేను రోజూ ఇంకొకరు శుభ్రం చేస్తే సరిపోతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల నుంచి కూడా అది వస్తుందని మరవొద్దు.

అపోహ: ఇంట్లో పిల్లే కదా, గీరితే పసుపు పెడితే చాలు.

వాస్తవం: పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టొద్దు. ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పిల్లి కోరలు సన్నగా లోతుకు దిగుతాయి, పైకి చుక్కలా ఉన్నా లోపల ఒక రోజులోనే చీము పట్టొచ్చు. రేబిస్ కుక్కకే కాదు, పిల్లికీ వస్తుంది. రక్తం రాని గీతకైనా టీకా మొదలుపెట్టాలి, రక్తం వస్తే దానితో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ క్రిమిని వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్) కూడా. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో ఉంటుంది, ఒక్కటీ తప్పించొద్దు. కరిచిన పిల్లిని కొట్టి చంపకుండా పది రోజులు కట్టడిలో ఉంచి గమనించాలి. పిల్లికి మూడో నెలలో రేబిస్ టీకా, ఆపైన ఏటేటా. కార్డు మీద తేదీ రాయించుకుని భద్రంగా దాచుకోండి, మనిషిని కరిస్తే డాక్టరు మొదట అడిగేది ఆ తేదీనే.