తెలుగు పత్రాన్ని నలుగురూ ఒకేసారి దిద్దే రోజు ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది?

హైదరాబాదులో డీటీపీ సెంటరుకు పుస్తకం ఇచ్చిన ప్రతి రచయితకూ ప్రూఫుల రాకపోకలు తెలుసు. రచయిత ఒక ప్రతి మీద, సంపాదకుడు మరో ప్రతి మీద దిద్దిన తప్పులను ఒకచోటికి చేర్చే భారమంతా ఆపరేటర్ మీద పడేది. ఇప్పుడు చిన్న ప్రచురణ సంస్థలు కూడా అందరూ ఒకేసారి దిద్దగల ఉమ్మడి పత్రం కావాలంటున్నాయి. అయితే ఒకే ఆఫీసులో విండోస్, లినక్స్, మ్యాక్ కలిసి ఉన్నప్పుడు ఎదురయ్యే చిక్కులకు చాలా పాత మూలాలున్నాయి.

దూరంగా ఉన్న ఇద్దరు ఒకే తెర మీద పనిచేయవచ్చని అమెరికా కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో చూపించారు. ఇద్దరి మార్పులూ ఢీకొనే అసలు చిక్కుముడిని విప్పే పద్ధతిని మాత్రం ఎల్లిస్, గిబ్స్ అనే పరిశోధకులు 1989లో ప్రతిపాదించారు. ఒకరు పేరా మొదట్లో ఐదు అక్షరాలు చేర్చిన క్షణంలోనే మరొకరు ఇరవయ్యో అక్షరాన్ని చెరిపితే, ఆ ఆదేశం మొదటివారి యంత్రానికి చేరేసరికి ఇరవయ్యో స్థానంలో వేరే అక్షరం ఉంటుంది కనుక, దాన్ని ఇరవై ఐదుగా సవరించి అమలు చేయాలన్నది ఆ పద్ధతి సారం. 2003లో వచ్చిన ఉమ్మడి రచనా సాధనం సబ్‌ఎథాఎడిట్ మ్యాక్‌కే పరిమితమైంది. 2006లో, బ్రౌజర్‌లోనే పత్రాలు రాసే రైట్‌లీని గూగుల్ కొన్నాక, బ్రౌజరే అన్ని యంత్రాలకూ ఉమ్మడి వేదికయింది.

ఈ లెక్క అంతా ఏది ఒక అక్షరమన్న విషయంలో యంత్రాలన్నీ ఏకీభవించినప్పుడే పనిచేస్తుంది. మన డీటీపీ ప్రపంచంలో లేనిది సరిగ్గా అదే. అను వంటి ఫాంట్లు తలకట్టు, గుడి, ఒత్తులను ముక్కలుగా విడదీసి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచేవి కాబట్టి, ఆ ఫాంటు లేని యంత్రంలో తెలుగు వాక్యం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా మారిపోయేది. అన్ని యంత్రాల్లోనూ ఒక్కో అక్షరానికి ఒకే సంకేతం ఉండేలా చేసే యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ దాన్ని సామాన్యుల కంప్యూటర్లలోకి తెచ్చింది. అచ్చుపని నమ్ముకున్న, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం యూనికోడ్ రాలేదు. ఎన్నో ఏళ్ల తెలుగు రచన ఆ విధంగా ఇతర యంత్రాలు చదవలేని ఫైళ్లలో చిక్కుకుపోవడం నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించే విషయం. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇద్దరు ఒకే పేజీని మార్చినప్పుడు వచ్చే ‘దిద్దుబాటు ఘర్షణ’ సందేశమే మనలో చాలామందికి ఉమ్మడి రచనలోని ఇబ్బందిని మొదటిసారి పరిచయం చేసింది.

యూనికోడ్ వచ్చాక కూడా ఒక సూక్ష్మమైన ఇబ్బంది మిగిలింది. చూపుకు రెండే అక్షరాలుగా కనిపించే ‘లక్ష్మి’ యంత్రానికి ఏడు సంకేతాల వరుస. ‘పస్తకం’ అని పడిన తప్పును ఇద్దరు ప్రూఫ్ రీడర్లు ఒకే క్షణంలో సరిచేస్తే, ఇద్దరి కొమ్ములూ నిలిచి, పకారానికి రెండు కొమ్ములు వస్తాయి. నియమం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం చేసింది సరైనదే. కానీ ఆ రెండో కొమ్ము ఒక యంత్రంలో చుక్కల వలయం మీద కనిపించవచ్చు, మరోదానిలో మొదటిదాని మీదే పడి కంటికి ఆనకపోవచ్చు. ప్రతి అక్షరానికీ చెదరని గుర్తింపునిచ్చి మార్పులను కలిపే సీఆర్‌డీటీలు అనే పద్ధతులు 2011లో ఆ పేరుతో స్థిరపడినా, అవి కూడా సంకేతాలనే చూస్తాయి గాని మన గుణింతాన్ని చూడవు.

అందువల్ల హైదరాబాదులో ఇప్పుడు ఇలాంటి ఏర్పాటు చేసుకునేవారు ఫాంటు ఎక్కడ ఉంటుందో ముందుగా చూసుకోవాలి. లిబ్రెఆఫీస్ అనే స్వేచ్ఛా ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఆధారంగా తయారై, బ్రౌజర్‌లో పలువురు కలిసి దిద్దే కొలాబొరా ఆన్‌లైన్‌లో పేజీ చిత్రం సర్వరులోనే తయారవుతుంది కనుక, మండలి, రామభద్ర వంటి స్వేచ్ఛా ఫాంట్లను ఆ ఒక్కచోట పెడితే మూడు రకాల యంత్రాల్లోనూ ఒత్తులు ఒకేలా కనిపిస్తాయి. పాత ఫైళ్లను మాత్రం ముందే యూనికోడ్‌లోకి మార్చి, పొల్లులు, ఒత్తులు తారుమారు కాలేదని మూలప్రతి పక్కన పెట్టుకుని ఒక మనిషి చదివిన తరువాతే ఉమ్మడి పత్రంలోకి ఎక్కించాలి.