ఓడ అడుగుజాడలు

కర్నూలు

చిరంజీవులకు జేజినాయన ఆశీస్సులు.

దసరా సెలవులకు వచ్చినప్పుడు నా కంప్యూటర్‌లో బారులు తీరిన అంకెలు చూసి "ఇవేంది జేజినాయనా?" అని అడిగారు. ఆ రోజు ఇంటినిండా చుట్టాలు, తీరిగ్గా చెప్పలేకపోయాను.

అవి సముద్రంలో సర్వే చేసే ఓడ వేసిన అడుగులు. జీపీఎస్ పెట్టె సెకనుకొక వరుస రాస్తుంది. అందులో టైము, అక్షాంశం, రేఖాంశం ఉంటాయి. రోజుకు 86,400 వరుసలు! కళ్లతో చూసి తేల్చే పని కాదు కాబట్టి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాం రాస్తాం.

తిరకాసంతా అక్షాంశం రాసే తీరులోనే ఉంది. మన కర్నూలు దాదాపు 15 డిగ్రీల 50 నిమిషాల దగ్గరుంది. జీపీఎస్ దాన్ని 1550.00 అని రాస్తుంది. చూడగానే నూరుతో భాగించి 15.50 డిగ్రీలు అనాలనిపిస్తుంది. కానీ గంటకు లాగే డిగ్రీకీ 60 నిమిషాలు. 50ని 60తో భాగించి 15కు కలిపితే 15.83 వస్తుంది. ఇది మరిచిపోతే కర్నూలు 37 కిలోమీటర్లు దక్షిణానికి, డోన్ వైపు జరిగిపోతుంది.

ఉద్యోగం కొత్తలో నేను ఈ తప్పే చేశాను. దివిసీమకు ఎదురుగా సముద్రంలో ఓడ ఉత్తరానికి పోతోంది. 1559.99 దాటి 1600.00 వచ్చింది. ఓడ కదిలింది 18 మీటర్లే. నా మ్యాపులో మాత్రం 44 కిలోమీటర్లు ఎగిరింది! ఎంత టెన్షన్ పడ్డానో. అంతకుముందు గీసినవన్నీ కూడా తప్పేనని అప్పుడు తెలిసింది.

అప్పటినుంచి ప్రతి స్క్రిప్ట్‌లోనూ వేగం లెక్క పెట్టిస్తున్నాను. ఓడల వేగాన్ని నాట్లలో కొలుస్తారు. సర్వే ఓడ నాలుగు నాట్ల వేగంతో పోతుంటే సెకనుకు రెండు మీటర్లు కదులుతుంది. మూడు వందల మీటర్లు దూకిందంటే ఆ వరుసను నమ్మకూడదు. అట్లని తుడిచేయకూడదు కూడా. ఓడనుంచి వచ్చిన ఫైలును అసలు ముట్టుకోను. పక్కన పెట్టిన వరుసలను స్క్రిప్టే వేరే ఫైలులో రాస్తుంది. రేపు ఎవరైనా "ఇదెందుకు తీసేశావు?" అని అడిగితే చూపించాలి కదా.

ఇంకో మాట. జీపీఎస్ చెప్పేది యాంటెన్నా ఉన్న చోటు. శబ్దంతో సముద్రం అడుగును చూసే సోనార్ పరికరమేమో తాడు చివర, ఓడకు ఎంతో వెనక నీళ్లలో ఉంటుంది. ఆ దూరం కూడా లెక్కలో తీసేయాలి.

మీ అనంతపురం అక్షాంశం ఫోన్‌లో 14.68 అని కనిపిస్తుంది. దాన్ని జీపీఎస్ పెట్టె ఎట్లా రాస్తుందో లెక్కగట్టి జాబు రాయండి.

మీ జేజినాయన