స్టెరైల్ అంటే బాగా శుభ్రం చేసినదేనా? అపోహలు - వాస్తవాలు

ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా, కొత్తగా చేరిన సిబ్బంది నుంచీ రోగుల బంధువుల నుంచీ నేను తరచుగా వినే నమ్మకాలివి.

అపోహ: పనిముట్లను అరగంట మరిగిస్తే స్టెరైల్ అవుతాయి.

వాస్తవం: మరిగే నీరు చాలా బ్యాక్టీరియాను, వైరస్‌లను చంపుతుంది గానీ ధనుర్వాతం కలిగించే బ్యాక్టీరియా వంటివి ఏర్పరచుకునే గట్టి స్పోర్లు (వేడిని, ఎండను తట్టుకుని నిద్రాణంగా ఉండే రూపాలు) అన్నీ దానికి చావవు. కనుక అది డిస్‌ఇన్‌ఫెక్షన్ మాత్రమే. స్పోర్లతో సహా సూక్ష్మజీవులన్నీ నశిస్తేనే స్టెరిలైజేషన్. అందుకే ఆటోక్లేవ్‌లో, ప్రెషర్ కుక్కర్ సూత్రం మీదే, ఆవిరిని పీడనంతో 121 డిగ్రీల సెల్సియస్‌కు తెచ్చి, మూట పరిమాణాన్ని బట్టి 15 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. అయితే ఆవిరి ప్రతి భాగాన్నీ తాకాలి. డ్రమ్ములో గుడ్డలు కుక్కి పెట్టినా, లోపలి గాలి పూర్తిగా బయటకు పోకపోయినా, మీటరు సరైన అంకెనే చూపుతుండగా నడిమి గుడ్డ మాత్రం స్టెరైల్ కాకుండా మిగిలిపోవచ్చు. ఎండిన రక్తం అంటుకున్న ఫోర్సెప్స్‌దీ (పట్టుకారుదీ) ఇదే పరిస్థితి కాబట్టి ముందు కడగడం తప్పనిసరి. తీరిక లేదని ఎక్కువగా వదిలేసేది ఈ పనినే.

అపోహ: ప్యాకెట్‌కు అంటించే, వేడికి రంగు మారే టేపు మీద నల్ల చారలు వస్తే లోపలిది స్టెరైల్.

వాస్తవం: ఆ ప్యాకెట్ ఆటోక్లేవ్‌లోకి వెళ్లి వచ్చిందని మాత్రమే టేపు చెబుతుంది. యంత్రం నిజంగా స్పోర్లను చంపుతోందో లేదో తెలియాలంటే, వేడిని బాగా తట్టుకునే జియోబాసిలస్ అనే బ్యాక్టీరియా స్పోర్లున్న గొట్టాన్ని మూటతో పాటు ఉంచి, తరువాత అవి పెరుగుతాయేమో చూడాలి. స్టెరైల్ అయిన ప్యాకెట్ కూడా తడిసినా చిరిగినా ఇక పనికిరాదు.

అపోహ: స్పిరిట్ ఎంత గాఢమైతే అంత మంచిది.

వాస్తవం: సుమారు 70 శాతం ఆల్కహాలే మెరుగు, ఎందుకంటే సూక్ష్మజీవుల ప్రొటీన్లు దెబ్బతినడానికి కొంత నీరు అవసరం. ఏ గాఢతలోనైనా అది స్పోర్లను నమ్మదగినట్టు చంపదు.

అపోహ: గ్లవ్స్ వేసుకుంటే చేతులు కడగనక్కరలేదు.

వాస్తవం: గ్లవ్స్‌కు కంటికి కనబడని రంధ్రాలుండవచ్చు, తీసేటప్పుడు చేతులకు మలినం అంటవచ్చు. వేసుకునే ముందూ తీసిన తరువాతా చేతులు శుభ్రం చేసుకోవాలి.

అపోహ: కల్చర్ రిపోర్టులో (నమూనా నుంచి సూక్ష్మజీవులను ల్యాబులో పెంచి చూసే పరీక్ష ఫలితంలో) బ్యాక్టీరియా పేరుంటే ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టే.

వాస్తవం: ఆరోగ్యవంతులలో కూడా చాలామంది ముక్కులో స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఏ హానీ చేయకుండా ఉంటుంది; దానిని కాలనైజేషన్ అంటారు. మానని పుండు పైభాగం నుంచి దూదిపుల్లతో తీసిన నమూనాలో (స్వాబ్‌లో) ఏదో ఒక సూక్ష్మజీవి దాదాపు ఎప్పుడూ పెరుగుతుంది. ఎరుపు, వాపు, నొప్పి, చీము, జ్వరం వంటి లక్షణాలతో కలిపి చూసిన తరువాతే యాంటీబయాటిక్ అవసరమో కాదో డాక్టరు నిర్ణయిస్తారు.