పాత మారుతి వ్యాన్ స్టీరింగ్ ప్లే: ర్యాక్ స్క్రూ బిగించకండి

పోయిన ఆదివారం పొద్దున్నే ఫోన్. "అన్నా, మా వ్యాన్ స్టీరింగ్‌లో ప్లే ఉంటే వీడియో చూసి ర్యాక్ స్క్రూ బిగించాను. ప్లే పోయింది. కానీ ఇప్పుడు మలుపు తిప్పాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రావట్లేదు." బండి వీధి చివరి దాకా కూడా తీయొద్దన్నాను. స్క్రూ ఎన్ని చుట్లు తిప్పావు తమ్ముడూ అంటే గుర్తు లేదన్నాడు.

ప్లే అంటే స్టీరింగ్ కాస్త తిప్పినా చక్రాలు కదలని ఖాళీ. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా సస్పెన్షన్, స్టీరింగ్ పని చేస్తున్నాను. ఇదే ప్రశ్న, ఇదే స్క్రూ, ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పాత మారుతి వ్యాన్లని ఇంటి దగ్గరే బాగు చేసుకోవాలని చూసేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. నాకు సంతోషమే. 1984లో వచ్చినప్పుడు దాని పేరు ఉత్త మారుతి వ్యానే, 1988లో ఓమ్ని అయింది, 2019లో తయారీ ఆగింది. బడి పిల్లల్ని, పాల క్యాన్లని, పెళ్లి సామాన్లని, పేషెంట్లని మోసిన బండి. ముందు మ్యాక్‌ఫెర్సన్ స్ట్రట్లు (స్ప్రింగ్, షాక్ అబ్సార్బర్ ఒకటిగా ఉండేవి), వెనక కమాన్ కట్టలు, పవర్ లేని ర్యాక్ స్టీరింగ్. ఓపిక, మంచి స్టాండ్లు, నాలుగు స్పానర్లు ఉన్నవాళ్లు ఇంటి ముందు చేసుకోదగ్గ పనే. అందుకే ఇది రాస్తున్నాను, ఎవరినీ భయపెట్టడానికి కాదు.

అపోహ: స్టీరింగ్‌లో ప్లే ఉంటే ర్యాక్ స్క్రూ బిగిస్తే సరిపోతుంది

అందరికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. డబ్బు నష్టం ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పను.

ర్యాక్ అంటే పళ్లున్న కడ్డీ. పినియన్, అంటే స్టీరింగ్‌తో పాటు తిరిగే చిన్న పళ్ల చక్రం, దాని మీద దొర్లుతుంది. కడ్డీ పినియన్‌కి ఆనుకుని ఉండేలా వెనక నుంచి ఒక ప్లంజర్, దాని వెనక స్ప్రింగ్, ఆ వెనక ఈ స్క్రూ. ఇప్పుడు ఆలోచించండి. బండి రోజంతా ఎక్కువగా తిన్నగానే పోతుంది కదా. అరిగేది మధ్యలో ఉన్న నాలుగైదు పళ్లే. అటూ ఇటూ చివర్లో ఉన్న పళ్లు ముప్పై ఏళ్ల తర్వాత కూడా దాదాపు కొత్తగానే ఉంటాయి. మధ్యలో ప్లే పోయేదాకా స్క్రూ బిగిస్తే, అరగని చివరి పళ్ల దగ్గరికొచ్చేసరికి ర్యాక్ పట్టేస్తుంది. మలుపు తిప్పాక చక్రాలు వాటంతటవి తిన్నగా రావడానికి క్యాస్టర్ కోణం (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) ఇచ్చే బలం కొంచెమే. పట్టేసిన ర్యాక్‌ని వెనక్కి లాగడానికి ఆ బలం చాలదు. ఇంటి ముందు బండి ఆపి స్టీరింగ్ కదిలిస్తే ప్లే లేదనిపిస్తుంది, పని అయిపోయిందనుకుంటారు. సంగతి బయటపడేది రోడ్డు మీద, మలుపులో.

నేను ఈ తప్పు చేశాను. పని నేర్చుకునే రోజుల్లో, మేస్త్రీ భోజనానికి వెళ్లినప్పుడు, ఒక కస్టమర్ తొందరపెడుతున్నాడని స్క్రూ బిగించి ట్రయల్‌కి ఆయన పక్కన కూర్చున్నాను. రామవరప్పాడు రింగ్ దగ్గర ఆయన అలవాటు ప్రకారం స్టీరింగ్ వదిలాడు. అది రాలేదు. వ్యాన్ డివైడర్ వైపే పోతోంది. ఇద్దరం కలిసి లాగితే జానెడు దూరంలో తప్పింది. ఆ వ్యాన్‌లో బొనెట్ ఉండదు, మన మోకాళ్ల ముందు ఉండేది ఒక్క రేకు. ఆ సాయంత్రం మేస్త్రీ ఒక్క మాట అనలేదు. ర్యాక్ విప్పించి, కిరసనాయిలుతో కడిగించి, బల్ల మీద పెట్టి, "గోరుతో గీకి చూడరా" అన్నారు. కడ్డీ ఒక చివర నుంచి గోరు లాగితే పంటి పంటికీ తగులుతోంది. మధ్యకి వచ్చేసరికి జారిపోయింది. అక్కడ పళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. ఆ తర్వాత ప్లే పోగొట్టడానికని ఏ అరిగిన ర్యాక్ స్క్రూ జోలికీ పోలేదు.

ఇంకో సంగతి. ప్లే ఉందని వచ్చే వ్యాన్లలో చాలావాటికి తప్పు అసలు ర్యాక్‌లో ఉండదు. స్టీరింగ్ అంచు దగ్గర ఒక అంగుళం పైచిలుకు, అంటే 30 మిల్లీమీటర్ల దాకా ఖాళీ ఉన్నా కంగారు పడక్కర్లేదు. అంతకు మించితే వెతకాలి. వెతకడానికి చక్రాలు నేల మీదే ఉండాలి, జాకీ ఎక్కించి కాదు. ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి స్టీరింగ్‌ని అటు రెండు అంగుళాలు, ఇటు రెండు అంగుళాలు ఆపకుండా కదిలించమనండి. ఇంజిన్ ఆపి, గేర్ వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకి అడ్డు పెట్టాకే పడుకోండి. ఇప్పుడు ఒక్కో జాయింట్ మీద వేళ్లు వేయండి. సగం వేళ్లు టై రాడ్ ఎండ్ (ర్యాక్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ బయటి చివరి జాయింట్) మీద, సగం అది బిగించిన ఆర్మ్ మీద. అరిగిన జాయింట్ ఉంటే చెవికి వినపడకముందే వేలికి టిక్ మని తెలుస్తుంది. స్టీరింగ్ కాలమ్ కింద జాయింట్ నుంచి మొదలుపెట్టండి. తర్వాత ర్యాక్ బిగించిన చోటు, ర్యాక్ ఎండ్లు (అదే కడ్డీ లోపలి చివరి జాయింట్లు), టై రాడ్ ఎండ్లు. ఈ వరుస మార్చకండి.

రిటైరైన ఒక మాస్టారి వ్యాన్ గుర్తొస్తోంది. 1989 మోడల్, వాళ్ల నాన్నగారు కొన్నది. నా దగ్గరికి వచ్చేసరికి రెండుసార్లు అలైన్‌మెంట్, ఒక కొత్త ర్యాక్ అయిపోయాయి. ప్లే మాత్రం అలాగే ఉంది. ఆయన ముఖంలో కోపం లేదు, అలసట ఉంది. "బాబూ, దీన్ని వదిలేయమంటే వదిలేస్తాను, నిజం చెప్పు" అన్నారు. ర్యాక్ బాడీ మీద నుంచి అది బిగించిన ఫ్రేమ్ మీదకి సుద్దముక్కతో ఒకే గీత గీశాను. స్టీరింగ్ కదిలించమన్నాను. గీత రెండు ముక్కలై, కలిసి, మళ్లీ విడిపోయింది. ర్యాక్ మొత్తం అటూ ఇటూ జరుగుతోంది. క్లాంపు లోపలి రబ్బరు బుష్ పిండి అయిపోయింది. కొత్త ర్యాక్ వేసినవాళ్లు పాత బుష్‌నే మళ్లీ పెట్టారు. ఆ రబ్బరు మార్చడానికి గంట పట్టలేదు. మాస్టారు ఆ సుద్దగీతని తుడవనివ్వలేదు.

నిజంగా ర్యాకే అరిగితే మార్చడమో, తెలిసినవాళ్ల చేత తిరిగి కట్టించడమో దారి. మార్చే ముందు రెండు చివరల బూట్లు (రబ్బరు తొడుగులు) చేత్తో నొక్కి చూడండి. లోపల నుంచి తుప్పు నీళ్లు కారితే ఆ ర్యాక్ ఎందుకు పోయిందో తెలిసిపోతుంది. కొత్తది వేసేటప్పుడు బూట్లు, క్లిప్పులు కూడా కొత్తవే వేయండి.

అపోహ: ముందు అలైన్‌మెంట్ చేయిస్తే చాలావరకు సర్దుకుంటుంది

అలైన్‌మెంట్ ఆఖరి పని. జాయింట్ వదులుగా ఉన్నప్పుడు తీసిన కొలత బండి గేటు దాటేసరికి మారిపోతుంది. ఈ వ్యాన్‌లో మామూలుగా సరిచేయగలిగేది టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకి వాలడం) తేడా వస్తే ఏదో వంగిందనో, అరిగిందనో అర్థం. టై రాడ్ ఎండ్ విప్పేముందు లాక్ నట్ ఉన్నచోట పెయింట్‌తో గుర్తు పెట్టి, ఎన్ని చుట్లకి ఊడిందో గోడ మీదైనా రాసుకోండి. అన్నే చుట్లు ఎక్కిస్తే అలైన్‌మెంట్ షాపు దాకా టైరు అరక్కుండా వెళ్లొచ్చు.

అపోహ: బుష్‌లు కొత్తవి వేశాం కదా, కిర్రుమంటే కాస్త ఆయిల్ పోస్తే పోతుంది

పోతుంది, వారం రోజులు. తర్వాత బుష్ కూడా పోతుంది. ఇంజిన్ ఆయిల్, డీజిల్, మామూలు గ్రీజు రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తాయి. ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్లు వాడండి.

అసలు బుష్ దగ్గర జరిగే పెద్ద తప్పు వేరే. బండి స్టాండ్ల మీద, చక్రాలు వేలాడుతుండగా లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే చేయి) బోల్ట్ పూర్తిగా బిగించేస్తారు. చాలా బుష్‌లలో రబ్బరు జారదు, మెలి తిరుగుతుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, బండి నేల మీదకి దిగగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. రోజంతా మెడ పక్కకి తిప్పి కూర్చున్న మనిషిలా. కొత్త బుష్ ఆర్నెల్లకే చిరిగిందని స్పేర్ పార్ట్స్ షాపువాడిని తిట్టుకుంటారు. బోల్ట్ చేత్తో తిరిగినంత తిప్పి వదిలేయండి. చక్రాలు వేసి, బండి దించి, రెండుసార్లు ఊపి, బరువు చక్రాల మీద ఉండగా అప్పుడు బిగించండి. వెనక కమాన్ కట్టల చివర రంధ్రాల్లో ఉండే ఐ బోల్టులకి, కట్ట ఒక చివరని బాడీకి కలిపే షాకిల్‌కి కూడా ఇదే పద్ధతి.

అపోహ: కమాన్ కట్టలో ఒక పట్టీ ఎక్కువేస్తే బండి గట్టిపడుతుంది

వెనక లేస్తుంది, అంతే. వెనక లేస్తే ముందు క్యాస్టర్ తగ్గుతుంది, హైవే మీద స్టీరింగ్ నిలవదు. అప్పుడు స్టీరింగ్ తేలిపోతోందని మళ్లీ ఆ స్క్రూ దగ్గరికే వస్తారు. కట్ట కుంగితే కమాన్ పని చేసేవాళ్ల దగ్గర వంపు ఎక్కించుకోవచ్చు. పట్టీ విరిగితే అదే కొలత పట్టీ వేయించాలి. సెంటర్ బోల్ట్ మాత్రం కొత్తది వేయండి.

అపోహ: స్ట్రట్ స్ప్రింగ్‌ని తాడుతో కట్టి విప్పొచ్చు

ఒద్దు. స్ట్రట్ పైన మధ్యలో ఉన్న నట్టు, నొక్కిపెట్టి ఉన్న స్ప్రింగ్‌ని ఆపుతోంది. అది ఊడితే స్ప్రింగ్, పై ప్లేటు తూటాలా వస్తాయి. కట్టిన తాడు చెక్కుచెదరకుండా ఉండగానే మనిషి దవడ పగిలిన సందర్భం నా కళ్లారా చూశాను. స్ప్రింగ్ కంప్రెసర్ లేకపోతే స్ట్రట్ మొత్తాన్ని బాడీ నుంచి విప్పి, ఏదైనా వర్క్‌షాప్‌కి పట్టుకెళ్లి ఆ ఒక్క పని చేయించుకోండి. ఇంట్లో చేసుకుంటున్నాం కదా అని ప్రతిదీ ఇంట్లోనే చేయాలని లేదు. అలాగే జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరొద్దు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. స్టాండ్లు కొనండి.

ఇక మిగతావి గబగబా. స్టాండ్ల మీద లేపిన చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపితే కదులుతోందా? ఒకరిని బ్రేక్ తొక్కమని మళ్లీ ఊపండి. కదలిక ఆగితే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింటో, బుష్షో. పక్కల పట్టుకుని ఊపితే కదిలేది ఎక్కువగా టై రాడ్. ఒక వేగం దగ్గర మాత్రమే వణికితే ముందు వీల్ బ్యాలెన్స్, రిమ్ వంకర చూడండి. షాక్ అబ్సార్బర్ ఒంటి నిండా ఆయిల్ కారుతుంటే మార్చాల్సిందే, జతగానే మార్చాలి.

పదిహేనేళ్లు దాటితే బండి తుక్కుకే అన్న పుకారు విని, చక్కటి వ్యాన్లని కారుచౌకగా ఇచ్చేసినవాళ్లని చూస్తే బాధేస్తుంది. సొంత బండికి మన దగ్గర పదిహేనేళ్ల తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకోవచ్చు. ఢిల్లీ చుట్టుపక్కల నిబంధనలు వేరు. ఇక వింటేజ్ (పాతకాలపు బండి) కింద వీఏ అక్షరాలుండే ప్రత్యేక నంబర్ అడిగేవాళ్లకి: 2021లో వచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. కాబట్టి ఏ మారుతి వ్యానూ ఇంకా ఆ లెక్కలోకి రాదు.

ఆదివారం ఫోన్ చేసిన తమ్ముడికి ఏం చెప్పానో కూడా రాస్తాను. ముందు చక్రాలు రెండూ లేపి స్టాండ్ల మీద పెట్టమన్నాను. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా స్టీరింగ్ ఎక్కడా పట్టకుండా ఒకేలా తిరిగేదాకా స్క్రూ వదులు చేసి లాక్ నట్ వేయమన్నాను. తర్వాత బండి దించి పైన చెప్పిన వరుసలో వేళ్లు పెట్టి చూడమన్నాను. సాయంత్రానికి ఎడమ టై రాడ్ ఎండ్ దొరికింది. వాళ్లమ్మగారే స్టీరింగ్ కదిలించారట. మర్నాడు కొత్తది వేసి ఫోటో పంపాడు. పని శుభ్రంగా ఉంది, నట్టు ఊడకుండా దాని గాడిలో గుచ్చే స్ప్లిట్ పిన్ కూడా కొత్తదే. కానీ రంధ్రం కలవడం లేదని నట్టుని ఒక గాడి వెనక్కి వదిలాడు. పిన్ తీసేసి, వెనక్కి కాదు, ముందుకి బిగిస్తూ పక్క గాడికి కలుపు, యాభై కిలోమీటర్లు తిరిగాక అన్ని నట్లూ మళ్లీ చూసి ఇంకో ఫోటో పంపు అన్నాను.